రెప్ప అంచు జిడ్డును పరీక్షించే కొలువు

ఎమ్మెస్సీ కెమిస్ట్రీయో బయోకెమిస్ట్రీయో చదివి సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాకల్లో ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలు ముందుగా అడిగేది ఒకటే. "సార్, ఎల్‌సీ-ఎంఎస్ నేర్చుకుంటే జాబ్ వస్తదా?" వస్తుంది. కానీ ద్రవ క్రొమాటోగ్రఫీని మాస్ స్పెక్ట్రోమెట్రీతో కలిపే ఆ మిషన్ నడపడం వచ్చినవాళ్లు హైదరాబాద్‌లో ఇప్పటికే చాలామంది ఉన్నారు. మిషన్‌లోకి వెళ్లే శాంపిల్‌ను చెడిపోకుండా కాపాడగలిగేవాళ్లే తక్కువ. ఆ నైపుణ్యం ఎంత అవసరమో చెప్పడానికి కనురెప్ప గ్రంథుల కొవ్వు విశ్లేషణ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఈ పని చేయాలనుకునేవాళ్లకూ, ఈ పని ద్వారా వేరే ల్యాబ్ ఉద్యోగంలోకి వెళ్లాలనుకునేవాళ్లకూ తెలిసి ఉండాల్సినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ కొవ్వు సంగతి. రెప్ప అంచున, వెంట్రుకల వరుసకు లోపలి పక్కన సన్నటి రంధ్రాలు వరుసగా ఉంటాయి. పై రెప్పలో సుమారు 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 గ్రంథులు అక్కడ తెరుచుకుంటాయి. జర్మన్ వైద్యుడు హైన్‌రిష్ మైబోమ్ 1666లో వీటిని వివరించాడు. అందుకే మైబోమియన్ గ్రంథులు అంటారు, వాటి జిడ్డును మైబమ్ అంటారు. రెప్ప కొట్టినప్పుడల్లా ఈ జిడ్డు కంటినీటి మీద పల్చగా పరుచుకుని నీరు ఆవిరి కాకుండా ఆపుతుంది. ఆ పొర మందం మామూలుగా మిల్లీమీటరులో పదివేలో వంతుకు లోపే. జిడ్డు గట్టిపడినా, గ్రంథి మూసుకుపోయినా కన్ను మండుతుంది, ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. రెప్పలో గడ్డ కూడా లేవవచ్చు.

గ్రంథి మూసుకుపోయిందని డాక్టరు చూసి చెప్పగలరు. లోపలి కొవ్వులో ఏం మారిందో ల్యాబ్ మాత్రమే చెప్పగలదు. మగ్గం మీద గొల్లభామ చీర నేసేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు దగ్గరి పనిలో చూపు నిలిపి రెప్ప కొట్టడం తగ్గిస్తారు. కాబట్టి ఇలా కంటినీరు ఆవిరై వచ్చే పొడికన్ను జబ్బు మన సిద్దిపేట జిల్లాకు పరాయిది కాదు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ తన ఆసుపత్రులకు వచ్చిన 14 లక్షలకు పైగా కొత్త రోగుల రికార్డులను పరిశీలించి 2019లో ఒక అధ్యయనం ప్రచురించింది. అందులో 1.46 శాతం మందికి పొడికన్ను జబ్బు ఉన్నట్టు తేలింది. శాతం చిన్నదిగా కనిపించినా, మనుషులుగా లెక్కేస్తే అది ఇరవై వేలు దాటుతుంది.

మైబమ్‌లో అత్యధిక భాగం రెండు రకాల కొవ్వులే: మైనపు ఎస్టర్లు, కొలెస్టరిల్ ఎస్టర్లు. మన వంటనూనెల్లో ప్రధానంగా ఉండే ట్రైగ్లిజరైడ్లు ఇందులో కొద్ది శాతమే. ఇంకో కొద్ది శాతం ఒక వింత రకం. ఒమేగా-హైడ్రాక్సీ ఆమ్లం తోకకు ఇంకో కొవ్వు ఆమ్లం అంటుకుని ఉండే కొవ్వులవి, పొట్టిగా ఒఆఫా అంటారు. అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయ సౌత్‌వెస్టర్న్ వైద్య కేంద్రంలో ఇగర్ బుటోవిచ్ బృందం 2009లో వీటిని స్పష్టంగా గుర్తించింది. కిందనున్న నీటికీ పైనున్న మైనానికీ మధ్య నిలబడి రెండింటినీ కలిపి ఉంచేవి ఇవేనని ఇప్పటి అవగాహన. శాతం తక్కువని వీటిని వదిలేస్తే విశ్లేషణకు అర్థం ఉండదు. మైబమ్ కరిగే వేడి కనురెప్ప వేడికి దగ్గరలోనే ఉంటుంది. గొలుసుల పొడవు, కొమ్మలు, ద్విబంధాలు కాస్త మారినా అది గట్టిపడవచ్చు. గోరువెచ్చని కాపడం పెట్టమని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

ఇక అసలు పని సేకరణ దగ్గర మొదలవుతుంది. ఉద్యోగం నిలబడేదీ పోయేదీ కూడా అక్కడే.

సేకరణ కంటి డాక్టరో, వాళ్ల పర్యవేక్షణలో శిక్షణ పొందిన ఆప్టోమెట్రిస్టో చేయాలి. కెమిస్టు రెప్ప మీద చెయ్యి వేయకూడదు. అయినా కెమిస్టు ఆ గదిలో ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం. రెప్పను మెల్లగా నొక్కితే అంచున చిన్న చిన్న బొట్లు పైకి వస్తాయి. వాటిని శుభ్రం చేసిన లోహపు గరిటెతో గీరి గాజు సీసాలోకి దించుతారు. ఒక మనిషి నుంచి వచ్చేది తరచుగా ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. అంత తక్కువ శాంపిల్ కాబట్టి, బయటి నుంచి ఏ కొద్ది జిడ్డు చేరినా ఫలితం తారుమారవుతుంది.

బయటి జిడ్డు ఎక్కడెక్కడి నుంచి వస్తుందో ఒక్కొక్కటే చెప్తాను. మన ప్రాంతపు ల్యాబ్ మనిషికి విదేశీ పుస్తకం చెప్పని విషయాలు ఇందులోనే ఉన్నాయి.

మొదటిది కాటుక. ఇంట్లో ఆముదపు దీపం మసితో, ఆముదమో నెయ్యో కలిపి చేసిన కాటుక పెట్టుకునే ఆడవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఆముదంలో 85 నుంచి 90 శాతం రిసినోలిక్ ఆమ్లం ఉంటుంది. అది మైబమ్‌లో సహజంగా ఉండాల్సింది కాదు. మిషన్ రుణావేశ విధానంలో ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తి 297.2 దగ్గర పెద్ద శిఖరం కనిపిస్తే కొత్త కొవ్వు కనిపెట్టామని సంబరపడకండి, ముందు ఆ రోజు రిజిస్టరు తీసి కాటుక సంగతి చూడండి. కొన్ని సైక్లోస్పోరిన్ చుక్కల మందుల్లోనూ ఆముదమే ఆధారం. కాబట్టి రోగి ఏ చుక్కలు వాడుతున్నారో మందు పేరుతో సహా రాసుకోవాలి. కొత్తగా చేరినవాళ్లు ఈ ఒక్క కాలమ్‌ను ఖాళీగా వదలకుండా నింపినా ప్రాజెక్టుకు ఎంతో మేలు.

రెండోది తలకు రాసుకునే కొబ్బరినూనె. అందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం, పన్నెండు కార్బన్ల పొట్టి గొలుసు. మైబమ్ కొవ్వులు పొడవైన గొలుసులవి. పన్నెండు, పద్నాలుగు కార్బన్ల ఆమ్లాలు ఉన్నట్టుండి పెరిగాయంటే నుదుటి మీది నూనె రెప్పకు దిగిందని అర్థం. సేకరణ ఉన్న రోజు తలకు నూనె, ముఖానికి క్రీము, కంటికి కాటుక పెట్టుకోకుండా రమ్మని ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి. వచ్చాక చెప్తే కడుక్కున్నా పూర్తిగా పోదు.

మూడోది చర్మం. మన చర్మపు జిడ్డులో దాదాపు ఎనిమిదో వంతు స్క్వాలీన్ ఉంటుంది. మైబమ్‌లో దాని పాలు చాలా తక్కువ. అందువల్ల స్క్వాలీన్ ఎంత ఉందో చూస్తే గరిటె రెప్ప చర్మానికి ఎంత తగిలిందో, ఎవరి వేలైనా సీసా మూతకు తగిలిందో లేదో తెలిసిపోతుంది. ఈ పని చేసే ల్యాబ్‌లో స్క్వాలీన్‌ను ప్రతి శాంపిల్‌లోనూ కొలవాలంటాను.

నాలుగోది ప్లాస్టిక్. ఫార్మా ల్యాబుల నుంచి వచ్చినవాళ్లకు అలవాటు మార్చుకోవడం కష్టమయ్యేది ఇక్కడే. వాళ్లకు అన్నీ ప్లాస్టిక్ ట్యూబులు, ప్లాస్టిక్ టిప్పులే. ఇక్కడ శాంపిల్‌ను కరిగించే క్లోరోఫాం ప్లాస్టిక్‌లోని పదార్థాలను లాగేస్తుంది. ధనావేశ విధానంలో 391.28 దగ్గర కనిపించేది థాలేట్, 338.34 దగ్గర కనిపించేది ఎరుకమైడ్. రెండూ ప్లాస్టిక్ నుంచి వచ్చేవే. గాజు సీసా, టెఫ్లాన్ పూత ఉన్న మూత, గాజు సిరంజి వాడండి. సీసా మెడకు పారాఫిల్మ్ చుట్టకండి, అదీ మైనమే. కొత్త గాజు సీసాను కూడా వాడేముందు ద్రావణితో కడిగి ఆరబెట్టాలి.

ఇవన్నీ పాటించినా ఏదో ఒకటి చేరుతుంది. అందుకే ఖాళీ శాంపిల్, అంటే బ్లాంక్, ఉండాలి. సేకరణ జరిగే గదిలోనే, అదే గరిటెను అదే ద్రావణిలో ముంచి, అదే రకం సీసాలో పోసి, అదే పెట్టెలో ల్యాబుకు పంపి, అదే రోజు మిషన్‌లో ఎక్కించాలి. ల్యాబ్‌కు వచ్చాక తయారుచేసిన ఖాళీ శాంపిల్ దారిలో ఏం జరిగిందో చెప్పదు. ఇంటర్వ్యూలో ఎవరైనా "బ్లాంక్ ఎన్ని పెడతావు?" అని అడిగితే సంఖ్య చెప్పి ఊరుకోకండి. ఎక్కడ పెడతారో, ఎందుకు పెడతారో చెప్పండి.

ఇక ల్యాబుకు శాంపిల్ ప్రయాణం. సిద్దిపేట నుంచి హైదరాబాద్ రాజీవ్ రహదారి మీద వంద కిలోమీటర్లు. మే నెలలో మన ఎండకు మూసిన కారు లోపలి వేడి ఎంత ఉంటుందో అందరికీ తెలుసు. ద్విబంధాలున్న కొవ్వులు వేడికీ గాలికీ ఆక్సీకరణ చెందుతాయి. శాంపిల్ సీసాలోకి నైట్రోజన్ ఊది, మూత బిగించి, పొడి మంచులో పంపాలి. చేరగానే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. పొడి మంచు పెట్టెను గాలి చొరకుండా టేపుతో బిగించకండి, లోపల వాయువు పెరిగి పెట్టె పగలవచ్చు. ఆ వాయువు బయటికి పోయేలా కారు అద్దం కాస్త దించే ఉంచండి. ఏ సీసా ఎప్పుడు బయలుదేరింది, ఎప్పుడు చేరింది, చేరినప్పుడు మంచు మిగిలిందా లేదా అన్నది సంతకంతో రాయించుకోండి.

మనిషి శాంపిల్ అంటే అనుమతి తప్పనిసరి. సంస్థ ఎథిక్స్ కమిటీ ఆమోదం లేకుండా ఒక్క బొట్టు కూడా తీయకూడదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాలను చదివి ఉండండి. కాగితం మీద సంతకం ఎంత ముఖ్యమో ఆ మనిషికి అర్థమయ్యేలా చెప్పడం కూడా అంతే ముఖ్యం. దుబ్బాక నుంచి వచ్చిన నేత పనిచేసే పెద్దమ్మ "నా కన్నుకు ఏం జేస్తరు బిడ్డా?" అని అడిగితే ఇంగ్లీషు ఫారం చేతికివ్వడం జవాబు కాదు. "పెద్దమ్మా, డాక్టరమ్మ రెప్పను మెల్లగ ఒత్తుతది. అంచుకు వచ్చే జిడ్డును తీసుకుంటది. జర సేపు ఒత్తినట్టు అనిపిస్తది. దీంతోని నీకు ఇప్పుడే లాభమేం లేదు, ముందు ముందు మందులు కనిపెట్టనీకి పనికొస్తది. నీకు ఇష్టం లేకుంటే వద్దు. వద్దన్నా నీ వైద్యం ఆగదు." ఇలా చెప్పగలిగిన మనిషి ప్రాజెక్టుకు కావాలి. ఊరి మాట వచ్చిన మీకు ఈ పనిలో ఉన్న బలం ఇదే, దాన్ని బయోడేటాలో రాయడానికి సంకోచించకండి. శాంపిల్ మీద పేరు రాయరు, కోడ్ మాత్రమే రాస్తారు. ఆ కోడ్, పేరు కలిసిన పట్టిక మీ ఫోన్‌లో ఫొటోగా ఉండకూడదు.

ల్యాబ్‌లోకి వచ్చాక తూకం. మిల్లీగ్రాములో వెయ్యో వంతు చూపే మైక్రోబ్యాలెన్స్ మీద ఖాళీ సీసాను ముందే తూచి ఉంచాలి. చలికాలం పొడిగాలిలో గాజుకు విద్యుదావేశం పట్టి అంకెలు నిలవవు, అప్పుడు తొందరపడకండి. తర్వాత క్లోరోఫాం, మెథనాల్ మిశ్రమంలో కరిగించడం. 1957లో ఫోల్చ్ అనే శాస్త్రవేత్త చెప్పిన రెండుకు ఒకటి పాళ్లే ఇప్పటికీ చాలా ల్యాబుల్లో వాడుక. క్లోరోఫాంతో ఫ్యూమ్ హుడ్ లోపలే పని చేయాలి. అది నైట్రైల్ గ్లౌజుల గుండా తొందరగా లోపలికి వస్తుంది కాబట్టి మీద పడితే గ్లౌజులు వెంటనే మార్చాలి. రంగు సీసాలో, వెలుతురుకు దూరంగా ఉంచాలి.

కొన్నిసార్లు గరిటె బదులు కంటికి పెట్టే కాగితపు పట్టీతో శాంపిల్ తీస్తారు, అందులో కంటినీరు కూడా ఉంటుంది. ఫాస్ఫోలిపిడ్లు కంటినీటి నుంచి వచ్చేవే ఎక్కువ, శుద్ధ మైబమ్‌లో అవి చాలా స్వల్పం. ఈ రెండు రకాల శాంపిళ్లను ఒకే పట్టికలో కలిపితే ఆ పట్టిక పనికిరాదు.

మిషన్ మీద ఫార్మా అలవాట్లు ఇంకో చోట కూడా దెబ్బ తీస్తాయి. మైనపు ఎస్టర్లు, కొలెస్టరిల్ ఎస్టర్లు నీళ్లు కలిసిన ఎసిటోనైట్రైల్‌లో దాదాపు కరగవు. మామూలు మందుల పద్ధతిలో ఎక్కిస్తే కాలమ్ మొదట్లోనే పేరుకుపోయి, తర్వాతి శాంపిల్‌లో బయటికి వస్తాయి. ఐసోప్రొపనాల్ ఎక్కువగా ఉన్న ద్రావణి కావాలి, ప్రతి కొన్ని శాంపిళ్లకు ఒక శుభ్రమైన ద్రావణి ఇంజెక్షన్ కావాలి. ఒక శాంపిల్ నుంచి ఇంకోదానికి ఎంత మిగులు పోతోందో అంకెలో చూపాలి.

శిఖరాలను గుర్తించడానికి మూడు అంకెలు గుర్తుపెట్టుకోండి. కొలెస్టరిల్ ఎస్టర్లన్నీ విడిపోయినప్పుడు 369.35 దగ్గర ఒకే ముక్కను ఇస్తాయి. ఒలియిక్ ఆమ్లం కట్టుకున్న మైనపు ఎస్టర్లు 283.26 ఇస్తాయి. మైబమ్ మైనాల్లో ఒలియిక్ ఆమ్లం ఎక్కువ కాబట్టి ఇది బాగా ఉపయోగపడుతుంది. ఒఆఫాలు రుణావేశ విధానంలో 757.7 లాంటి చోట్ల కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ తానే పేర్లు రాసిపెడుతుంది, వాటిని అలాగే రిపోర్టులోకి ఎక్కించకండి. ఆ పేర్లలో చాలావాటికి మీ దగ్గర ప్రమాణ నమూనా ఉండదు. మొత్తం కార్బన్లు, మొత్తం ద్విబంధాలు మాత్రమే తేలినప్పుడు అంతవరకే రాయండి. ద్విబంధం ఎక్కడుందో, కొమ్మ ఎక్కడుందో మామూలు పద్ధతి చెప్పదు. తెలిసినంతే రాసే విశ్లేషకుడి మీద సీనియర్లకు నమ్మకం కుదురుతుంది.

గ్యాస్ క్రొమాటోగ్రఫీ కూడా నేర్చుకోండి. కొవ్వు ఆమ్లాలను మిథైల్ ఎస్టర్లుగా మార్చే పద్ధతి వంటనూనెకు సులువు. కొలెస్టరిల్ ఎస్టర్లు, మైనపు ఎస్టర్లు అంత తొందరగా విడిపోవు. నూనెకు సరిపోయే సమయం ఇస్తే సగమే మారుతుంది, లెక్క తప్పుతుంది. పని పూర్తయిందో లేదో పల్చని పొర క్రొమాటోగ్రఫీ ప్లేటు మీద చూసుకోవాలి.

ఆ ప్లేటు గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే సిద్దిపేటలోనే ఉండి ఈ పని నేర్చుకోవడానికి దారి అదే. మైబమ్ మీకు దొరకదు, దొరకాలని ప్రయత్నించకండి కూడా. దానికి రసాయనంగా దగ్గరి చుట్టం ఒకటి మన దగ్గరే ఉంది: గొర్రె ఉన్ని మైనం, లానోలిన్. అందులోనూ కొలెస్టరాల్ లాంటి స్టెరాల్ ఎస్టర్లు, మైనపు ఎస్టర్లు, కొమ్మలున్న పొడవైన గొలుసులు ఉంటాయి. కొమురవెల్లి మల్లన్నను కొలిచే గొల్లకురుమలు మన జిల్లాలో అడుగడుగునా ఉన్నారు. కత్తిరించిన దక్కనీ గొర్రె ఉన్ని పిడికెడు అడిగితే ఇస్తారు. దాన్ని హుడ్ కింద హెక్సేన్‌లో నానబెట్టి వడగట్టి ఆరబెడితే పసుపుపచ్చ మైనం కొద్దిగా మిగులుతుంది. పోల్చుకోవడానికి మందుల షాపులో దొరికే లానోలిన్, తేనెమైనం, కొబ్బరినూనె, ఆముదం పక్కపక్కన పెట్టండి.

సిలికా ప్లేటు మీద చుక్కలు పెట్టి హెక్సేన్, డైఇథైల్ ఈథర్, ఎసిటిక్ ఆమ్లం 80:20:1 పాళ్లలో నడపండి. ఆరాక అయోడిన్ ఆవిరిలో ఉంచితే మచ్చలు పసుపు, గోధుమ రంగుల్లో తేలుతాయి. పైన హైడ్రోకార్బన్లు, స్క్వాలీన్, వాటి కింద ఎస్టర్లు, ఆ కింద ట్రైగ్లిజరైడ్లు, తర్వాత విడి కొవ్వు ఆమ్లాలు, ఇంకా కింద కొలెస్టరాల్, మొదలుపెట్టిన గీత మీదే ఫాస్ఫోలిపిడ్లు. మైనపు ఎస్టర్, కొలెస్టరిల్ ఎస్టర్ ఈ ద్రావణిలో దాదాపు కలిసే పోతాయి. వాటిని విడదీయడానికి ఏం చేయాలో ఆలోచించడమే మీ మొదటి పరిశోధన సమస్య అనుకోండి. ఒక ప్లేటు మీద మీ వేలిముద్ర కూడా వేసి నడపండి. ఆ మచ్చలు చూశాక శాంపిల్ సీసా మూతను మీరు మళ్లీ చేత్తో ముట్టరు. ఈథర్, హెక్సేన్ రెండూ ఇట్టే అంటుకుంటాయి. ఇదంతా కాలేజీ ల్యాబ్‌లో లెక్చరర్ ఎదుట చేయాల్సిన పని, ఇంట్లో చేసేది కాదు.

ప్రతి ప్లేటుకూ ఫొటో, తేదీ, ద్రావణి పాళ్లు, చుక్క పరిమాణం నోట్‌బుక్‌లో రాయండి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేసి పక్కన సంతకం పెట్టండి, వైట్‌నర్ వాడకండి. ఇంటర్వ్యూకు ఆ నోట్‌బుక్ తీసుకెళ్లండి. సర్టిఫికెట్లు అందరూ తెస్తారు. ఎండిన ప్లేట్ల ఫొటోలున్న నోట్‌బుక్ తెచ్చేవాళ్లు అరుదు.

ఇప్పుడు ఉద్యోగాల దగ్గరికి వద్దాం. "మైబమ్ విశ్లేషకుడు కావలెను" అని ప్రకటన రాదు. దాని కోసం ఎదురుచూడకండి. ఇది ప్రాజెక్టుల్లో ఒక భాగంగా వచ్చే పని. దాని చుట్టూ ఉన్న ద్వారాలు మాత్రం చాలా ఉన్నాయి.

దగ్గరిది మన జిల్లాలోనే ఉంది. జీనోమ్ వ్యాలీలో భాగమైన కర్కపట్ల బయోటెక్ పార్కు మర్కూక్ మండలంలో ఉంది. రాజీవ్ రహదారి మీద ఇంకా ముందుకు పోతే తుర్కపల్లి, శామీర్‌పేట వైపు కాంట్రాక్టు పరిశోధన సంస్థలు వరుసగా ఉంటాయి. అక్కడి బయోఅనలిటికల్ విభాగాల్లో రక్తంలో మందు ఎంత ఉందో కొలుస్తారు. మొదటి ఉద్యోగానికి అది మంచి చోటు. నియమాల ప్రకారం రికార్డు రాయడం, మిషన్ కాలిబ్రేషన్, ఆడిట్ అంటే ఏమిటో అక్కడ నేర్పినంత బాగా విశ్వవిద్యాలయాల్లో నేర్పరు. లిపిడ్లు తెలిసినవాళ్ల అవసరం అక్కడ పెరుగుతోంది, ఎందుకంటే ఎంఆర్ఎన్ఏ టీకాలను శరీరంలోకి మోసుకెళ్లేవి కూడా లిపిడ్ కణాలే.

పరిశోధన వైపు పోవాలనుకుంటే తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ, మన వాడుకలో ఐఐసీటీ, వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. 1944లో మొదలైన ఆ సంస్థలో నూనెలు, కొవ్వుల పరిశోధనకు పాత చరిత్ర ఉంది. భారతీయ ఆహార చరిత్ర రాసినవాడిగా పేరున్న కె.టి. అచ్చయ్య అసలు నూనెల రసాయన శాస్త్రవేత్త. 1950 నుంచి రెండు దశాబ్దాలకు పైగా అక్కడే పనిచేశాడు, ఆముదం రసాయనాల మీద రాశాడు. అదే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. బంజారాహిల్స్‌లో గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ సంస్థకు సొంత పరిశోధన కేంద్రం ఉంది. ఇలాంటి సంస్థలు ప్రాజెక్టు పోస్టులకు ప్రకటనలు ఇస్తాయి. గడువు తరచుగా తక్కువ ఉంటుంది కాబట్టి వారానికోసారి చూడాలి. నెట్ పాసై జేఆర్ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. ప్రాజెక్టు పోస్టు శాశ్వత ఉద్యోగం కాదని తెలిసే చేరండి. ప్రాజెక్టు ముగిసేలోపు ఒక పద్ధతిని మొదటి నుంచి చివరి వరకు మీ చేతుల మీదుగా నిలబెట్టి బయటికి రండి.

ఇంటర్మీడియట్‌తో ఆగినవాళ్లకూ కంటి వైపు దారి ఉంది. ఎల్.వి. ప్రసాద్ సంస్థ ఇంటర్ చదివినవాళ్లను ఏడాది శిక్షణతో విజన్ టెక్నీషియన్లుగా తయారుచేస్తుంది, వాళ్లే పల్లెల్లో దృష్టి కేంద్రాలు నడుపుతారు. ఆప్టోమెట్రీ డిగ్రీ చేస్తే ఇంకా ముందుకు పోవచ్చు. ఇప్పటికే కంటి ఆసుపత్రిలో టెక్నీషియన్‌గా ఉన్నవాళ్లు రెప్ప గ్రంథుల పరీక్ష, ఫొటో తీయడం, శాంపిల్ నిర్వహణ నేర్చుకుంటే పరిశోధన విభాగంలోకి మారడం తేలిక.

నూనె, నెయ్యి ల్యాబులను తక్కువగా చూడకండి. నంగునూరు మండలం నర్మెటలో ఆయిల్‌ఫెడ్ పామాయిల్ ఫ్యాక్టరీ మన జిల్లాలోనే ఉంది. పామాయిల్ ఉన్న చోట విడి కొవ్వు ఆమ్లాల పరీక్ష ప్రతిరోజూ ఉండే పని. 2024లో తిరుమల లడ్డూ నెయ్యి గురించి పేపర్లలో వచ్చిన "ఎస్ విలువలు" గుర్తున్నాయా? అవి ట్రైగ్లిజరైడ్లను గ్యాస్ క్రొమాటోగ్రఫీలో విడదీసి కట్టిన లెక్కలే. అంత పెద్ద విషయంలో దేశమంతా ఒక లిపిడ్ ల్యాబ్ రిపోర్టును చదివింది. ఆ ల్యాబుల్లో పనిచేసినవాళ్లు మైబమ్ వైపు రావచ్చు, ఇక్కడ నేర్చుకున్నవాళ్లు అటు పోవచ్చు.

ఒక హెచ్చరిక. వారం పది రోజుల్లో ఎల్‌సీ-ఎంఎస్ నేర్పి ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగే శిక్షణ సంస్థలున్నాయి. కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. మిషన్ మీ సొంతమేనా? నా చేత్తో ఎన్ని శాంపిళ్లు తయారుచేయనిస్తారు? వాటి అసలు డేటా ఫైళ్లు నాకు ఇస్తారా? మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే డబ్బు మిగుల్చుకోండి. ఉద్యోగం ఇస్తామని ముందుగా డిపాజిట్ అడిగే ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి.

చివరిగా సిద్దిపేట, గజ్వేల్ కాలేజీల కెమిస్ట్రీ లెక్చరర్లకు ఒక విన్నపం. పీజీ పిల్లలకు ఒక సెమిస్టర్ ప్రాజెక్టుగా ఉన్ని మైనం విశ్లేషణ ఇవ్వండి. సిలికా ప్లేట్లు, కొద్దిగా హెక్సేన్, ఈథర్, అయోడిన్ ఉంటే చాలు. హుడ్ పనిచేయకపోతే ముందు దాన్ని బాగు చేయించండి.